మా సందు మూల వేపకొమ్మ

మా సందు మూల మీద కాలువ బండ విరిగింది. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద పోస్టా అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేం అనుకోను. కాకపోతే ఆ బండ మళ్లీ పడేదాకా పట్టిన 23 రోజుల్లో నేను తిరిగిన తిరుగుడుకి, పుట్టి పెరిగిన కర్నూలు గురించి నాకేమీ తెలియదని తెలిసొచ్చింది. కాలువ, దాంట్లో బురద, దాని మీద బండ, పక్కన స్తంభం, స్తంభానికి బల్బు, ఇవన్నీ ఒకరివే అనుకునేవాణ్ణి. మున్సిపాలిటీ అంటే ఒక పెద్ద బిల్డింగు, అందులో ఒక పెద్ద సారు, ఆయన చెవిన వేస్తే చాలని. అట్లా కాదు.

వార్డు నంబరు, సందు పేరు రాయను. పాత ఊళ్లో, హంద్రీ నదికి దగ్గర, అంతవరకు చాలు.

జరిగిందేమిటంటే, మూడిళ్ల అవతల ఒకాయన పైన ఇంకో అంతస్తు వేయిస్తున్నాడు. రాత్రి పదింటికి ఇసుక టిప్పర్ వచ్చింది. మా సందులో బండి తిప్పే చోటెక్కడిది, రివర్సులో ఎక్కించారు, వెనక చక్రం నేరుగా మూల బండ మీదికి. టక్కుమంది. టీవీ చూస్తూ నేనూ విన్నాను, ఏదో పడిందిలే అనుకున్నాను. పొద్దున అడిగితే ఎవరూ చూడలేదట. అంటే అందరూ చూశారు, ఎవరూ చెప్పరు, రేపు ఆయనతో పని పడుతుంది కదా.

మా నాయన ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైనాడు. వయసు 70 దాటినా మబ్బున ఐదింటికే లేచి పాలకు పోవాలి, ఇంట్లో ఇంకెవరు పోయినా ఆయనకు నచ్చదు. ఆ మూల స్తంభానికి బల్బు అప్పటికే వారం నుంచి లేదు. చీకట్లో ఎడమ కాలు మోకాలిదాకా దిగబడింది, విరిగిన బండ అంచు ముంగాలి మీద కోసుకుపోయింది. నాలుగు కుట్లు, ఒక టీటీ ఇంజెక్షను, మురికినీళ్లు తగిలాయి కాబట్టి వారం రోజులకు మాత్రలు. చెప్పు కాలువలోనే పోయింది. ఆస్పత్రిలో కుట్లు వేస్తుంటే ఆయన అన్నమాట: "సర్వీసంతా ఒక్క యాక్సిడెంటు లేదప్పా, రిటైరైనాక ఇంటిముందర చేసినా."

ఇంటికి రాగానే కాలు స్టూలు మీద పెట్టుకుని నాకు ఆర్డర్లు మొదలు. హంద్రీ గట్టు వైపు వేపచెట్టు నుంచి బారెడు కొమ్మ నరుక్కురా, దాన్ని గుంటలో నిలబెట్టి రెండు రాళ్లు ఎగదోయి, కొసకు మీ అమ్మ పాత ఎర్ర జాకెట్టు గుడ్డ కట్టు. కట్టాను. ఆ కొమ్మను చూస్తే మా ఊరివాళ్లెవరికీ అర్థం చెప్పక్కర్లేదు. రోడ్డు మధ్యలో చెట్టు మొలిచిందంటే కింద గుంట ఉన్నట్టే. నాలుగు రోజులకు ఆకులు రాలిపోయి చీపురు పుల్లలా అయిపోయింది, మేక ఒకటి వచ్చి మిగిలిన రెండు రెమ్మలూ తినేసింది. అప్పుడు మూలింటి భాయ్ తన షాపు వెనక పడున్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి అడ్డం పెట్టాడు.

బండ గురించి కాస్త చెప్పాలి. మా వైపు కాలువల మీద వేసేది ఎక్కువగా బేతంచెర్ల నాపరాయే. దగ్గరలో దొరుకుతుంది, చవక, మనుషులు నడిచినంతకాలం దానికి ఏమీ కాదు, మా తాత కాలంనాటి బండలు ఇంకా ఉన్నాయి. కానీ దాంట్లో ఇనుప చువ్వ ఉండదు కదా, కాంక్రీటు మూతలా ముందు నెర్రె ఇచ్చి హెచ్చరించే గుణం లేదు. బరువు ఒకచోట పడిందంటే ఒక్కటే దెబ్బకు రెండు ముక్కలు. ఆ బండలు వేసిన రోజుల్లో మా సందులోకి వచ్చిన పెద్ద బండి ఎద్దులబండి.

"ఒక బండ కొనుక్కొచ్చి మనమే వేసుకుంటే పోలా అన్నా, ఎంతవుతుంది" అన్నాడు కిరాణా కొట్టు తమ్ముడు. నిజమే, పెద్ద ఖర్చేమీ కాదు, నేనూ సగం ఒప్పేసుకున్నాను. ఒద్దన్నది నాయనే. "వేస్తావు సరే, సిమెంటు పూసేస్తావు. రేపు పూడిక తీసేటోడు గడ్డపార యాడ పెట్టాల?" అన్నాడు. అప్పుడు సందంతా ఒకసారి నడిచి చూశాను. పద్నాలుగు ఇళ్లు. పదకొండు ఇళ్ల ముందు కాలువ కనిపించదు. బైకు ఎక్కడానికని ఒకరు ర్యాంపు కట్టారు, ముగ్గు వేసుకోవడానికని ఒకరు గచ్చు చేయించారు, ఒకరైతే ఏకంగా తులసికోట పెట్టారు. మా ఇంటి ముందు ర్యాంపు కూడా ఉంది, నేను కట్టించిందే, 2016లో. కింద నీళ్లు ఎట్లా పోతున్నాయో, అసలు పోతున్నాయో లేదో చూసే దారే లేదు. అంత పొడవు సందులో కాలువలోకి చెయ్యి పెట్టగలిగిన చోట్లు మూడో నాలుగో ఉంటే, అందులో ఈ మూల ఒకటి.

కాలువ అంటే నాకు ఇంత పట్టింపు ఎందుకో కూడా చెప్పేస్తాను. 2009 అక్టోబరు 2. తుంగభద్రా హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీద పడ్డ రోజు, కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన రోజు. నది గట్టు దాటి వచ్చిందని అందరూ చెప్పుకుంటారు గానీ మా ఇంట్లోకి నీళ్లు మొదట వాకిట్లోంచి రాలేదు, బాత్రూం తూములోంచి వచ్చాయి. గుడగుడమని బుడగలు, తర్వాత నల్లటి నీళ్లు, కాలువ ఎదురు తన్నడం అంటే ఏమిటో అప్పుడే చూశాను. నాయన గోనెసంచి కుక్కి దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టాడు. అరగంటకు ఆ పొత్రం కనపడకుండా పోయింది, మేము ఎదురింటి మేడ మీద ఉన్నాం. అందుకే ఇప్పటికీ గట్టి వాన పడితే మా ఇంట్లో ముందు చూసేది ఆకాశాన్ని కాదు, తూముని.

సరే, తిరుగుడు సంగతికి వస్తాను. మొదట చెత్త బండి ఆయనకు చెప్పాను, రోజూ కనపడే మనిషి ఆయనే కదా. ఆయన పారిశుధ్య మేస్త్రీకి చెప్పమన్నాడు. మేస్త్రీ పొద్దున మస్టరు దగ్గర, అదే హాజరు వేసేచోట, దొరికాడు, మంచి మనిషి, వినగానే వచ్చి చూశాడు కూడా. "పూడిక తీయమంటే రేపే తీయిస్తా సార్. బండ మాది కాదు, ఇంజనీరింగోళ్లది" అన్నాడు. నాకు చిరాకు వేసింది గానీ తర్వాత ఆలోచిస్తే అదీ సబబే, కాలువ ఊడ్చేది, బురద ఎత్తేది ప్రజారోగ్య విభాగం, కాలువ కట్టేది, మూత వేసేది ఇంజనీరింగు, కాలువ మీద మనం కట్టిన ర్యాంపులు కొట్టాల్సింది టౌన్ ప్లానింగు. కాలువ ఒకటే, కిందా పైనా లోపలా ముగ్గురు.

ఆ తర్వాత వార్డు సచివాలయానికి పోయాను. 2019లో ఇవి మొదలైనప్పుడు దాదాపు 4,000 జనాభాకు ఒకటి చొప్పున పెట్టి, ఒక్కోదాంట్లో పదిమంది సెక్రటరీలు అన్నారు: అడ్మిన్, ఎమినిటీస్ (అంటే వసతులు), శానిటేషన్, ప్లానింగ్, రెవెన్యూ, ఎనర్జీ, హెల్త్, వెల్ఫేర్, ఎడ్యుకేషన్, మహిళా పోలీసు. తర్వాత సర్దుబాట్లలో కొందరు అటూ ఇటూ మారారు. అవి కూడా అక్టోబరు 2నే మొదలయ్యాయి, చూశారా. మా ఊరికి వరద అక్టోబరు 2. సచివాలయాలు అక్టోబరు 2. మూడు రంగుల చెత్త డబ్బాలిచ్చి, నెలనెలా చెత్త పన్ను వేసిన క్లాప్ కార్యక్రమం 2021 అక్టోబరు 2. ఆ చెత్త పన్ను తీసేస్తున్నామని ముఖ్యమంత్రి చెప్పింది 2024 అక్టోబరు 2. గాంధీగారికి చెత్త పన్నుతో ఏం సంబంధమో గానీ ప్రతి ప్రభుత్వానికీ ఆయన పుట్టినరోజే దొరుకుతుంది. ఆ డబ్బాల్లో ఇప్పుడు మా ఇంట్లో ఆకుపచ్చది బియ్యానికి, నీలంది ఉల్లిగడ్డలకు. ఎర్రది కనపడటం లేదు.

సచివాలయంలో నా తెలివి ఎంతదాకా పోయిందంటే, బల్బు కదా అని నేరుగా ఎనర్జీ సెక్రటరీ దగ్గర కూర్చున్నాను. చిన్న కుర్రాడు, లైన్‌మ్యాన్ పని, స్తంభాలెక్కే మనిషి, చేతులు చూస్తేనే తెలుస్తుంది. ఓపిగ్గా విని, "అన్నా, స్తంభం మాది, తీగ మాది, బల్బు మాది కాదు" అన్నాడు. మరి ఎవరిది అంటే, రెండు కుర్చీల అవతల కూర్చున్న ఎమినిటీస్ సెక్రటరీని చూపించాడు. వీధిదీపం మున్సిపాలిటీది, కరెంటు విద్యుత్ సంస్థది. తీగ తెగితే, స్తంభం ఒరిగితే, షాక్ కొడుతుంటే 1912కి ఫోను చేయాలి, అది విద్యుత్ సంస్థ నంబరు. బల్బు వెలగకపోతే వీళ్లకు చెప్పాలి. ఈ ముక్క తెలియక నేను అంతకుముందు వారమంతా 1912కి చేస్తూ వాళ్లను తిట్టుకుంటూ ఉన్నాను.

ఎమినిటీస్ సెక్రటరీ ఒక అమ్మాయి, సివిల్ ఇంజనీరింగు చదివిందట. రెండే ప్రశ్నలు అడిగింది. "స్తంభం నంబరు ఎంత సార్? బండ సైజు ఎంత?" రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లుగా ఆ స్తంభానికి ఆనుకుని బీడీ కాలుస్తూ కబుర్లు చెప్పిన జాతి మాది, దాని మీద పెయింటుతో నంబరు రాసి ఉంటుందని ఒక్కరం చూడలేదు. సాయంత్రం ఆ అమ్మాయే టేపు తీసుకుని వచ్చింది. డ్రమ్ము జరిపి, చున్నీ నడుముకు బిగించుకుని గొంతుకూర్చుంది, టేపు రెండో కొస నన్ను పట్టుకోమంది. పొడవు మూడడుగులు, వెడల్పు రెండు. లోతు చూడటానికి నాయన తన చేతికర్ర ఇచ్చాడు, కర్ర అడుగుదాకా దించి బయటికి తీసి, కింద బురద అంటిన మేర చూపించి, "ఇదంతా పూడికే సార్, నీళ్లు పైన జానెడే పారుతున్నాయి" అంది. బల్బు రెండు మూడు రోజుల్లో పెట్టిస్తానంది, తొమ్మిదో రోజుకు పెట్టించింది కూడా. బండ మాత్రం ఒక్కదానికి విడిగా ఎస్టిమేట్ వేయరట, వార్డులో ఇట్లాంటివి ఇంకొన్ని కలిపి ఒక పనిగా రాసి పైకి పంపాలి, ఏఈ చూడాలి, డీఈ చూడాలి, అంటే ఆమె పైన ఒక ఇంజనీరు, ఆయన పైన ఇంకో ఇంజనీరు. అది నాకు అర్థమైంది. నచ్చలేదు, అర్థమైంది.

ఈ మధ్యలో మా పాప తన తెలివి చూపించింది. ఫోన్లో ఫోటో తీసి ఫిర్యాదు పెట్టింది. రెండో రోజు పొద్దున్నే మేస్త్రీ మనుషులిద్దరు వచ్చి విరిగిన బండ ముక్కలు, చుట్టూ చేరిన చెత్త ఎత్తుకుని, ఊడ్చి, ఫోటో తీసుకుని పోయారు. సాయంత్రానికి ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్. గుంట అట్లాగే ఉంది, పైగా అడ్డం ఉన్న ముక్కలు కూడా పోయి ఇంకా నోరు తెరుచుకుంది. నేను కోపంతో ఫోను తీసుకుని చూద్దును కదా, మా పాప విభాగం ఎంచుకునేచోట 'చెత్త తొలగింపు' అని నొక్కింది. చెత్త తొలగించారు. వాళ్లనేమనాలి? రెండోసారి నేను కూర్చుని డ్రైనేజీ మూత అని పెట్టి, స్తంభం నంబరు రాసి, నాయన చేతికర్ర గుంటలో నిలబెట్టిన ఫోటో జతచేశాను, ఆ నంబరు తీసుకుపోయి సెక్రటరీ అమ్మాయికి ఇచ్చాను. పని కదిలింది ఆ నంబరుతోనే అని నా నమ్మకం.

ఒక సోమవారం కలెక్టరేట్‌కి కూడా పోయాను, అర్జీలు తీసుకునే రోజు కదా. వరండాలో కూర్చున్నవాళ్లను చూశాను. పాస్‌పుస్తకంలో పొలం పేరు మారిపోయిన ముసలాయన, వికలాంగుల పింఛను ఆగిపోయిందని కొడుకును చంకన ఎత్తుకొచ్చిన తల్లి. చేతిలో నా బండ కాగితం. కాసేపు నిలబడి, మడిచి జేబులో పెట్టుకుని, బయట ఉగ్గాని బజ్జీ తిని ఇంటికొచ్చేశాను. ఇది తప్పో ఒప్పో నాకు తెలియదు. గుంటలో కాలు పడేవాడికి గుంట చిన్నదేం కాదు.

నాయన కాలంలో ఇవేవీ లేవు, కౌన్సిలరు ఇంటి అరుగు మీద కూర్చుంటే పని అయ్యేదంటాడు. ఆయన జ్ఞాపకానికి కాస్త చక్కెర ఎక్కువే, కానీ ఒక మాట నిజం. మా ఊరికి 2010లో పాలకవర్గం గడువు తీరాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. పదేళ్లకు పైగా 'మా కార్పొరేటర్' అని చెప్పుకోవడానికి ఒక మనిషి లేడు, అధికారుల పాలనే. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణలో పట్టణ సంస్థలు చూసుకోదగ్గవని 18 పనులు రాశారు, నీళ్లు, పారిశుధ్యం, వీధిదీపాలు, శ్మశానాలు, చివరికి బందెలదొడ్డి కూడా ఉంది అందులో. అన్నీ రాసిన రాజ్యాంగం, వాటిని అడగడానికి మనిషి లేని ఊరు, పదేళ్లు అట్లా నడిచింది. ఆ పదేళ్లలోనే మేము ర్యాంపులన్నీ కట్టుకున్నాం, అదీ చెప్పుకోవాలి.

కుక్కల గురించి కూడా రాద్దామనుకున్నాను గానీ అది ఇంకో పోస్టు. పట్టుకుని, ఆపరేషను చేసి, టీకా వేసి మళ్లీ అదే సందులో వదలాలన్నది 2023 నాటి కేంద్ర నిబంధన, వదిలినప్పుడల్లా మా సందులో గొడవ, అంతే ఇప్పటికి.

23వ రోజు పొద్దున ఎనిమిదింటికి ట్రాక్టరు వచ్చింది. నాపరాయి కాదు, కాంక్రీటు మూతలు, ఎత్తడానికి రెండు వైపులా ఇనుప కొక్కేలు పెట్టినవి. ముందు పూడిక తీయాలి కదా, మేస్త్రీ మనుషులు నలుగురు దిగారు. ఏమేం వచ్చాయో రాస్తాను, మా సందు వాళ్లు చదవాలి: కొబ్బరిబోండాలు ఆరు, పిల్లల డైపర్లు లెక్కలేనన్ని, ప్లాస్టిక్ తెర ముక్క, ఇటుకలు, షాంపూ కవర్లు, ఒక స్టీలు గ్లాసు, మూడేళ్లనాటి పెళ్లిపత్రిక కట్ట. బురద తీసి పక్కన కుప్ప పోశారు. ఎదురింటి వదిన, వెంటనే ఎత్తుకుపోకుండా ఇట్లా ఇంటిముందర పోస్తారేం అని గొడవ పెట్టుకుంది. మేస్త్రీ, "నీళ్లు కారేది ట్రాక్టర్లో వేస్తే ఊరంతా కార్చుకుంటూ పోవాలక్కా, ఒక పూట ఆరనీ" అన్నాడు. ఒకతను ఒట్టి చేత్తో కొక్కెం కింద బురద గీస్తుంటే గ్లౌజులు లేవా అన్నాను. జేబులో ఉన్నాయి, తడిస్తే గడ్డపార జారుతుందట. 2023 డిసెంబరు చివర్లో వీళ్లంతా సమ్మె చేసినప్పుడు మా మూల వారం రోజుల్లో ఎట్లా అయిందో గుర్తొచ్చి నోరు మూసుకుని టీ తెచ్చాను.

ఆఖరున పార చివరకు తగులుకుని ఒక చెప్పు వచ్చింది. నల్లది, ఎడమ కాలిది. నాయన వాకిట్లో కుర్చీలోంచే గుర్తుపట్టాడు. "పారేయొద్దు, కడిగి పెట్టు, కుడిది ఇంట్లోనే ఉంది" అన్నాడు. అమ్మ ఆ చెప్పును ఇంట్లోకి రానివ్వలేదు.

మూత దించుతుంటే మేడ కట్టే ఆయన వచ్చి నిలబడ్డాడు. "ఒక మాట నాతో చెప్పి ఉంటే నేనే వేయించేవాణ్ణి కదన్నా, ఇంత దూరం ఎందుకు పోయినావు" అన్నాడు. నాయన ఆయన వైపు చూసి, కాలి మీద కుట్ల మచ్చ గోక్కుంటూ, "మీ టిప్పర్ మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని మాత్రం అడిగాడు.

మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు వచ్చి తలుపు కొట్టారు, వెనక సందు వాళ్లు. వాళ్ల మూల మీద కూడా బండ పోయిందట, నిన్న రాత్రే. "అన్నా, మీ పని అయిపోయింది కదా, ఆ నీలం డ్రమ్ము ఇస్తారా?" అన్నారు. డ్రమ్ము భాయ్‌ది, ఆయన్ని అడగండి అన్నాను. తలూపి ఇద్దరూ ఆయన షాపు వైపు పోతుంటే, మీ స్తంభం నంబరు చూసుకున్నారా అని వెనక నుంచి అరిచాను. "ఏ నంబరన్నా?" అన్నారు.